మెత్తు కింద పాలపన్ను

ఊదా రంగు లైటు వేసేసరికి పుర్రె మీద బొటనవేలంత మచ్చ ఒకటి తెల్లగా వెలిగింది. మిగతా పుర్రె అంతా మొద్దులా నల్లగా ఉండిపోయింది. రాయిగా మారిన ఈ కొండల ఎముక ఆ లైటుకు పెద్దగా పలకదు. జిగురు పలుకుతుంది.

"చూశావుగా అక్కా, మీ చిన్నాన్న చెయ్యి ఊరుకోలేదు," అన్నాడు మ్యూజియం డైరెక్టర్ తువో లైటు ఆపుతూ.

హలీమై పళ్లెం మీదికి వంగింది. ఎర్సా చిన్నాన్న తెచ్చిన కత్తికోరల పులి పుర్రె ఇసుక నింపిన పళ్లెంలో పక్కకు ఒరిగి ఉంది. ఎడమ వైపంతా కొండమట్టి బరువుకు నలిగి పిండైపోయింది. కుడి వైపు మాత్రం కంటిగుంత నుంచి ముక్కు దాకా చెక్కుచెదరలేదు. అందులోంచి ఒకే ఒక్క కోర, పలచగా, కొడవలిలా వంగి కిందికి దిగి ఉంది. ఆ కోర మొదలుకు కాస్త వెనకగా, పై దవడ ఎముక మీద, ఆ మచ్చ.

పుర్రెతో పాటు వచ్చిన పత్రం పక్కనే ఉంది. దొరికిన చోటు యాంగ్వా ఊరు, రెండో సొరంగం. ఇస్తున్నవారు ఎర్సా. మరమ్మతు ఏమైనా చేశారా అన్న గడిలో 'లేదు' అని గుమాస్తా రాశాడు. దాని మీద ఎర్రసిరా వేలిముద్ర. మట్టి తవ్వి తవ్వి గీతలన్నీ అరిగిపోయిన ముసలి వేలిది.

గురువారం లాంజౌ నగరం నుంచి, ఎముకలు నిజమో కాదో తేల్చే నిర్ధారణ సంఘం వస్తుంది. పత్రంలో 'లేదు' అని ఉండి, వస్తువు మీద జిగురుతో పూడ్చిన మెత్తు కనబడితే ఇక వాదన లేదు. 'కల్పితం' అన్న ముద్ర కొట్టి నేలమాళిగలోకి దించేస్తారు. అక్కడికి దిగింది ఏదీ మళ్లీ పైకి ఎక్కినట్టు హలీమై ఎరగదు. పైగా పుర్రె తెచ్చినవాడు ఆమె తండ్రికి తమ్ముడు. అందుకని సంఘం వచ్చి చూసేదాకా దాన్ని తాకనని ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. పందొమ్మిదేళ్లుగా ఈ మ్యూజియంలోకి వచ్చిన ప్రతి ఎముకనూ మొదట ముట్టుకున్నది ఆమే. ఈ ఒక్కదాన్ని మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని చూడాలి.

ఆమె ఇందులోకి వచ్చిన దారి కూడా మెత్తు దారే. యాంగ్వాలో విరిగిన వస్తువును విరిగినట్టే చేతిలో పెట్టడం సిగ్గుచేటు. అతిథికి అంచు పగిలిన గిన్నెలో టీ పోయరు. ఎముకైనా అంతే. హలీమై తాత కాలంలో కొండ తవ్వి తీసిన ఎముకలు డ్రాగన్ ఎముకలన్న పేరుతో మందుల కొట్లకు పోయేవి. వాటికి ఆకారంతో పని లేదు. తరవాత పట్నం నుంచి నిండు పుర్రెలు కావాలంటూ కొనేవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఎముక తునకల్ని రోట్లో పొడి చేసి, జిగురూ ఎర్రమట్టీ కలిపి, చిక్కటి టీ నీళ్లతో రంగు తెచ్చి మెత్తడం ఊళ్లో ఇంటింటి పనైంది. అది మోసమని ఎవరూ అనుకోలేదు. చిరిగిన చొక్కాకు మాసిక వెయ్యడం మోసమా? హలీమైకి పదిహేనేళ్లప్పుడు ఆ పని నేర్పింది ఎర్సా చిన్నాన్నే. తడి ఉన్నితో చివరి పూత నునుపు చెయ్యడం ఆయనకే చేతనైన విద్య.

ఎముకను పోల్చుకోవడం మాత్రం తండ్రి నేర్పాడు. నాలుకకు ఆనించి చూడమనేవాడు. పాతకాలపు ఎముక నాలుకను సన్నగా పట్టుకుంటుంది. జిగురు కలిపిన మెత్తు పట్టుకోదు. ఊళ్లో కొందరు ముసలివాళ్లు ఇదేం అపవిత్రమని ఆహోంగ్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశారు. మసీదు పెద్ద కదా, ఆయనేదో గట్టిగా అంటాడని వాళ్ల ఆశ. ఆయన ఒక పన్ను తెప్పించుకుని గోటితో కొట్టి చూసి, ఇది రాయి, రాయికి హలాలేమిటి హరామేమిటి, నోరు పుక్కిలించుకుంటే చాలు అని పంపేశాడు. అప్పటినుంచి ఆమె 'నాలుక హలీమై' అయింది. మనిషేమో నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడదు. ఆ పేరు వింటే కొత్తవాళ్లు ఎవరో గయ్యాళి అనుకుంటారు.

మ్యూజియం పెట్టినప్పుడు గదులు ఊడవడానికి చేరింది. ఓ రోజు తుడుస్తూ తుడుస్తూ, అద్దాల పెట్టెలో ఉన్న పులి దవడ పులిది కాదు దుమ్ములగొండిది అని మెల్లిగా అంది. పులికి ఎముకలు నమిలే లావు పళ్లు ఎక్కడివి, మాంసం కోసే కత్తెర పళ్లే కదా ఉండేది, కోర ఒక్కటీ ఎవరో తెచ్చి అతికించారు అని చూపించింది. ఆ మర్నాటి నుంచి చీపురు వేరేవాళ్లకు ఇచ్చారు. మెత్తిన చేతులు మెత్తు విప్పే పనిలో పడ్డాయి. భర్త షీనింగ్‌లో నూడుల్స్ కొట్లో వంట చేస్తాడు, పండక్కి వస్తాడు. కూతురు సుమయ్య లాంజౌలో నర్సు చదువుతోంది. హలీమై రోజంతా సూదీ భూతద్దం పట్టుకుని కూర్చుంటుంది.

ఈ పుర్రె నిజమైనదని ఆమెకు మొదటి రోజే తెలుసు. చిన్నాన్న దాన్ని గొర్రెచర్మంలో చుట్టి తెచ్చి గుమ్మంలో దించినప్పుడు, సంతకాల గొడవ ఇంకా మొదలుకాకముందే, కోర మొదట్లో నాలుక ఆనించింది. పట్టుకుంది. కోర వెనక అంచు మీద గోరు జారిస్తే రంపపు పళ్లు సన్నగా గరగరమన్నాయి. అంత సన్నటి రంపాన్ని చెక్కగలవాడు యాంగ్వాలో పుట్టలేదు.

అయినా ఆ మెత్తు ఎందుకు? అదే ఆమె బుర్ర తినేస్తోంది.

ఆదివారం షేర్ వ్యాన్‌లో యాంగ్వా వెళ్లింది. చిన్నమ్మ జైనబై కింద పొయ్యి వేడి తగిలే ఇటుకల అరుగు మీద కూర్చుని గుడ్డ చెప్పులకు అడుగులు కుడుతోంది. ఎర్సా మూత గిన్నెలో రేగుపళ్లూ పటికబెల్లం వేసి టీ పోశాడు. పంట గురించి చెప్పాడు, బంగాళాదుంపలకు పట్టిన తెగులు గురించి చెప్పాడు, మసీదు పైకప్పు గురించి చెప్పాడు. హలీమై అన్నిటికీ తలూపి, చివరికి అడిగేసింది.

"చిన్నాన్నా, ఆ కోర వెనక ఏం మెత్తావు?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"తాగుతా. ఏం మెత్తావు?"

"కొండలోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే తెచ్చా. కాయితం మీద వేలు కూడా పెట్టా."

"లైటు కింద తెల్లగా వెలిగింది."

"మీ లైటుకు ఇంకేం పని, వెలుగుతుంది."

"నీ చేతి పూత నాకు తెలీదా చిన్నాన్నా? ఉన్నితో తుడిచిన గీతలు కూడా కనబడుతున్నాయి. నాకు నేర్పింది నువ్వే కదా."

ఎర్సా గిన్నె మూతతో టీ ఆకుల్ని పక్కకు నెడుతూ కూర్చున్నాడు. చిన్నమ్మ దారం ముడి పడింది. చేతిలో ఉన్న నల్లటి పుల్ల లాంటిదాన్ని ముడిలోకి దూర్చి, తిప్పి విప్పుకుని, మళ్లీ కుట్టు అందుకుంది. 

హలీమై ఓపిగ్గా మొదటినుంచి చెప్పింది. మెత్తినందుకు ఎవరూ ఏమీ అనరు. మెత్తలేదని వేలు వెయ్యడమే తప్పు. ముద్ర పడేలోగా పత్రం మార్చుకోవచ్చు. మార్చుకుంటే పుర్రెను పరీక్షకు పంపుతారు. మార్చకపోతే నేలమాళిగే. ఎర్సా అంతా విని, నీ దుస్తులు పలచగా ఉన్నాయి, కొండగాలి మంచిది కాదు అన్నాడు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. పదకొండు నెలలు ఆ సొరంగంలో పాకి, మోకాళ్లు అరగదీసుకుని తీసిన పుర్రె అది. దాన్ని తన చేత్తోనే మాళిగలోకి తోసేస్తున్నాడు, పైగా టీ తాగమంటున్నాడు.

"ఎందుకింత మొండితనం నీకు?" అంది.

"ఇరవై ఏళ్ల కింద ఓ దవడ తెచ్చా, గుర్తుందా?" అన్నాడు ఎర్సా, ఆమె వైపు చూడకుండానే. "దాని పన్నొకటి అడ్డదిడ్డంగా మొలిచింది. నేను వేలు కూడా పెట్టలా. మీ పట్నం ఆయన పదిమందిలో నవ్వాడు. ఈ ముసలాడికి పన్ను ఎక్కడ అతికించాలో కూడా తెలీదన్నాడు. అప్పటికి నేను ముసలాణ్ణి కూడా కాదు." గిన్నె కింద పెట్టాడు. "మీరు నమ్మే పులి వేరు, కొండలో ఉండే పులి వేరు. అది తెలుసుకునేసరికి నాకీ వయసొచ్చింది."

 చిన్నమ్మ నూనెలో వేయించిన రొట్టెలు మూటకట్టి ఇచ్చింది. వ్యాన్ దాకా ఆయనా వచ్చాడు, మూట మోసుకుని, పంట తెగులు గురించే మాట్లాడుతూ.

సోమవారం, మంగళవారం హలీమై భోజనం విరామంలో కూడా ఆ పళ్లెం దగ్గరే నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని, భూతద్దాన్ని పళ్లతో పట్టుకున్నంత పని చేసింది. దొంగ మెత్తు ఎక్కడ ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. చెంప ఎముక దగ్గర ఉంటుంది, ఎందుకంటే అది ముందు విరుగుతుంది. ముక్కు కొన దగ్గర ఉంటుంది. తెచ్చి గుచ్చిన కోర అయితే దాని మొదలు చుట్టూ ఉంగరంలా ఉంటుంది. ఇక్కడ కోర చుట్టూ ఏమీ లేదు. కోర తన గుంతలో తానే గట్టిగా కూర్చుని ఉంది. దాని వెనక, ఎవరికీ అక్కర్లేని చోట, మెత్తు. దాచడానికి అక్కడ ఏముంది?

మంగళవారం మధ్యాహ్నం ఆమె కన్ను బుగ్గపళ్ల మీదికి జారింది. కత్తెర పన్ను ముందు చిన్న పన్నొకటి అరిగిపోయి, వంకరగా లేచి ఉంది. దాని కిందనుంచి కొత్త పన్ను మొన తోసుకొస్తోంది. అంటే ఇది ఎదిగిన పులి కాదు. పళ్లు మారుతున్న పడుచు పులి.

సుమయ్యకు ఏడేళ్లప్పుడు ముందు పాలపన్ను ఊడకుండానే వెనక కొత్త పన్ను వచ్చేసింది. నెలరోజులు రెండు వరసల పళ్లతో తిరిగింది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. అది గుర్తొచ్చేసరికి హలీమై కోర వెనకున్న మెత్తు వైపు మళ్లీ చూసింది. ఇంత పొడుగు కోర దిగాలంటే నెలలు పడతాయి. అందాకా వేట ఎట్లా? పాల కోర ఊడకుండా పక్కనే నిలబడాలి. ఒకే వైపు రెండు కోరలు, పెద్దదీ చిన్నదీ. పళ్లు మారే ఆ కొద్ది నెలల్లో చచ్చిన పులికే అట్లా ఉంటుంది. అంతదాన్ని ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

మీరు నమ్మే పులి వేరు, కొండలో ఉండే పులి వేరు.

ఫోన్ చేసింది. యాంగ్వాలో సిగ్నల్ అందాలంటే కళ్లం గోడ ఎక్కాలి. నాలుగోసారికి ఎర్సా దొరికాడు. వెనక మేకలు అరుస్తున్నాయి.

"చిన్నాన్నా, అక్కడ ఇంకో కోర ఉండేది కదూ? చిన్నది, పెద్దదాని వెనక."



"ఉందనుకో," అన్నాడు ఎర్సా. "ఒక్క పక్కనే రెండు కోరలున్న పులిని ఎవడు నమ్ముతాడు?"

"అది ఇప్పుడెక్కడుంది?"

"సిగ్నల్ పోతోంది," అన్నాడు. నిజంగానే పోయింది, లేదా ఆయనే గోడ దిగాడు.

డైరెక్టర్ తువో దగ్గరికి వెళ్లి చెప్పింది. జీవితంలో ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు. తువో చెడ్డవాడు కాదు. కుర్చీలోంచి లేచి వచ్చి, పుర్రె మీదికి వంగి, ఆ కొత్త పన్ను మొన చూసి తల ఊపాడు కూడా. తరవాత కుర్చీ అంచు మీద కూలబడ్డాడు.

"ఇది నాకు చెప్పకు అక్కా. సంఘానికి అసలే చెప్పకు. నువ్వు ఆయన అన్న కూతురివి. ఎంత బాగా చెబితే అంత అనుమానం వస్తుంది. చెప్పాల్సినవాడు ఆయన. ముద్ర పడేలోగా."

నకిలీ తెచ్చి నిజమని బల్లగుద్ది చెప్పేవాళ్లను ఆమె పందొమ్మిదేళ్లుగా చూసింది. వాళ్లతో ఎట్లా మసలుకోవాలో తెలుసు. నిజం తెచ్చి, అది నిజంలా కనబడదేమోనని దాన్ని నకిలీ చేసినవాణ్ణి ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

గురువారం ఉదయం ఎర్సా ఉతికిన తెల్లటోపీ పెట్టుకుని వచ్చాడు. వెనక జైనబై చిన్నమ్మ, చెప్పుల సంచితో. ముద్ర వేసేటప్పుడు ఇచ్చినవాళ్లు ఉండాలని నియమం. ఇద్దరూ నడవలో బెంచీ మీద కూర్చున్నారు. హలీమై దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి మళ్లీ అడిగింది. ఎర్సా గోడ మీది గడియారం తప్పు చూపిస్తోందని చెప్పాడు.

లోపల సంఘంలో ముగ్గురున్నారు. మాట్లాడేది మాత్రం డాక్టర్ రెన్ ఒక్కతే. పొట్టి జుట్టు, తొందర నడక. ఆమె మొదట ఎనిమిది వస్తువులు తేల్చేసింది. రెండు నిజం, ఆరు నేలమాళిగ. తొమ్మిదోది పుర్రె. దాని దగ్గర ఆగింది. కోరను అటునుంచి ఇటునుంచి చూసింది. ఆ మనిషి ముఖం మెత్తబడటం గోడవారగా పళ్లెం పట్టుకుని నిలబడ్డ హలీమైకి కనిపించింది. అంతలో సహాయకుడు ఊదా లైటు వేశాడు. మచ్చ వెలిగింది.

డాక్టర్ రెన్ నిటారుగా నిలబడింది. పత్రం చూసింది.

"పనిమంతుడే చేశాడు," అంది విసుగ్గా. "కాని పిల్లిజాతి జంతువుల గురించి బొత్తిగా తెలియనివాడు. కోర వెనక ఇంత నిండుగా ఎముక ఎక్కడన్నా ఉంటుందా? సరే, ఇచ్చినాయన్ను పిలవండి."

హలీమై నడవలోకి వచ్చింది.  పిలవాల్సినది చిన్నాన్నను. కాని కళ్లు చిన్నమ్మ చేతుల మీద పడ్డాయి. మళ్లీ ముడి పడినట్టుంది. చిన్నమ్మ ఆ నల్లటి పుల్లను ముడిలోకి దూర్చి తిప్పుతోంది. పుల్ల సన్నగా వంగి ఉంది. ఒక వైపు పలచన. లావు కొస చేతికి గుచ్చుకోకుండా గుడ్డ చుట్టి ఉంది.

"చిన్నమ్మా, అదోసారి ఇవ్వు."

"ఇదా? ముడులిప్పేది," అంటూ జైనబై భర్త వైపు చూసింది. ఎర్సా గడియారం వైపు చూశాడు.

హలీమై గుడ్డ విప్పింది. కింద విరిగిన వేరు ఉంది. ఏం చేస్తున్నానని కూడా అనుకోకుండా నాలుక ఆనించింది. పట్టుకుంది. గోరు అంచు మీద జారించింది. పెద్ద కోర కంటే సన్నగా, పసిపిల్ల గొంతులా, గరగరమంది. మొన మాత్రం దారాలతో అరిగి నున్నగా అయిపోయింది.

ఆదివారం తన మోకాలికి జానెడు దూరంలో ఉంది ఇది. తను టీ తాగి, రొట్టెలు మూటకట్టించుకుని వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"నువ్వు నన్ను అడగలేదుగా," అంది జైనబై.

హలీమై చిన్నాన్న ముందు నేల మీద చతికిలబడింది. లోపలినుంచి ఎవరో ఆలస్యమేమిటని కేకేశారు.

"లేచి వచ్చి చెప్పు చిన్నాన్నా."

"ఆ గడిలో ఇంకో వేలు పెడితే మొదట పెట్టిన వేలు అబద్ధమైనట్టేగా."

"అబద్ధమే కదా."

ఎర్సాకు కోపం వచ్చింది. అరిగిన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. హలీమై ఆ పిడికిలి మీద చెయ్యి వేసింది. చిన్నప్పటినుంచి ఆయన ముందు గొంతు పెంచింది లేదు, ఇప్పుడూ పెంచలేదు.

"అబద్ధమాడింది నువ్వు. లోపలున్న పులి ఆడలేదు. కాని ముద్ర కొట్టేది దాని మీద. ఇరవై ఏళ్ల కింద నీ దవడను అట్లాగే మాళిగలోకి దించారు, నీకే తెలుసు ఎట్లా ఉంటుందో. ఇప్పుడు నీ చేత్తోనే ఇంకోదాన్ని దించుతావా?"

ఎర్సా పిడికిలి విప్పాడు. తరవాత టోపీ సరిచేసుకుని, భార్య చేతికి ఊతం ఇచ్చి లేపి, హలీమై కంటే ముందే లోపలికి నడిచాడు.

"మెత్తు నాది," అన్నాడు గుమ్మంలోంచే. "పులి నాది కాదు. దాన్ని కొండ చేసింది."

డాక్టర్ రెన్ చేతిలో ముద్ర పైకి లేచి ఉంది. "మరి లేదని ఎందుకు రాయించారు?"

"రెండు కోరలున్నాయి. ఒక పక్కనే. అట్లా తెస్తే మీరు నవ్వుతారని చిన్నది పీకేశా. గుంత కనబడితే మళ్లీ అడుగుతారని మెత్తేశా."

ఎవరూ నవ్వలేదు. డాక్టర్ రెన్ ముద్రను బల్ల మీద పెట్టింది. హలీమై చెయ్యి చాపి ఆ పాలపన్నును ఇసుక పళ్లెంలో పెట్టింది, పుర్రెకు తగలకుండా. డాక్టర్ రెన్ కళ్లజోడు నెత్తి మీదికి తోసి వంగింది. అట్లాగే ఉండిపోయింది. లేచాక ఆమె గొంతులో విసుగు పోలేదు గానీ, అది వేరే విసుగు.

"ఇది ఉన్నచోటే ఉండి ఉంటే, ఈ ఒక్కదాని కోసం నేను లాంజౌ నుంచి నడిచి వచ్చేదాన్ని తెలుసా? ఇప్పుడిది ఏ నోట్లోదో నేనెట్లా చెప్పను? వేరు విరిగింది. మొన అరిగింది. ఏం చేశారు దీంతో?"

"ముడులు విప్పా," అంది జైనబై.

వేరు కొస ఇంకా లోపలే ఉండాలి, మెత్తు కింద, అని ఎర్సా చెప్పాడు. పీకేటప్పుడు టక్కున విరిగిన చప్పుడు విన్నానన్నాడు. ఆ కొస దొరికి, విరిగిన చోటు విరిగిన చోటికి సరిగ్గా అతికితే ఇక ఎవరూ కాదనలేరు. సంఘం ముగ్గురూ మూలకు వెళ్లి మాట్లాడుకున్నారు. ఇప్పుడు నిజమని రాయడానికి లేదు, కల్పితమని రాయడానికీ లేదు. లాంజౌలో మెత్తు విప్పి చూడాలి. పత్రం మార్చి మళ్లీ వేలు వేయించుకోండి అన్నారు.

అప్పుడు హలీమై ముందుకొచ్చింది.  "ఆ మెత్తు నేను విప్పుతాను మేడమ్," అంది.

"మీరు ఆయన బంధువట కదా," అంది డాక్టర్ రెన్. కఠినంగా కాదు, రేపు సెలవట కదా అన్నట్టు. అంతటితో ఆ మాట అయిపోయింది. చిన్నాన్న మెత్తు ఎన్ని పొరలుంటుందో, ఏ పొరలో ఉప్పు కలుపుతాడో, ఎక్కడ తడి చేస్తే ఎముకకు దెబ్బ తగలకుండా ఊడుతుందో లాంజౌలో ఎవరికి తెలుసు? హలీమై ఆ సంగతులన్నీ ఒక కాయితం మీద రాసి పెట్టెలో పెట్టింది. వాళ్లు చదువుతారని నమ్మకం లేదు.

గుమాస్తా 'లేదు' కొట్టేసి 'అవును' రాశాడు. ఎర్సా ఎర్రసిరాలో వేలు ముంచి, మొదటి ముద్ర పక్కనే నొక్కాడు.

"ఈ వేలికి గీతలు లేవు," అన్నాడు. "రెండూ పోల్చి చూసి ఇది కూడా నకిలీ అనకండి."

సాయంత్రం వ్యాన్ ఎక్కించడానికి హలీమై వాళ్లతో స్టాండ్ దాకా నడిచింది. పుర్రె దూదిలో, పాలపన్ను వేరే డబ్బాలో, లాంజౌ కారులో పోతున్నాయి. ఎన్నాళ్లు పడుతుందని ఎర్సా అడిగాడు. ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు అంది.

"అందాకా నేనెవర్ని? నిజమా, కల్పితమా?"

"తేలాల్సినవాడివి."

 జైనబై సంచి తెరిచి, సగం కుట్టిన చెప్పు అడుగు తీసి చూపించింది. "అది తీసేసుకున్నారు బాగానే ఉంది. నేను ముడులు దేంతో విప్పుకోను?"

హలీమై జేబులో చెయ్యి పెట్టింది. పళ్ల డాక్టర్లు వాడే కొక్కెం సూది ఉంది, పదేళ్లుగా ఆమె చేతిలో ఆడినది. ఇచ్చేసింది. చిన్నమ్మ వ్యాన్ కిటికీ పక్కన కూర్చుని వెంటనే ఒక ముడిలోకి దూర్చి చూసింది. దారం పుటుక్కున తెగింది. ఇంకో ముడిలో దూర్చింది. అదీ తెగింది.

"దీనికి పదును ఎక్కువ," అంటూ కిటికీలోంచి తిరిగి ఇచ్చేసింది. "మా పన్నే నయం. వాళ్లు చూడటం అయిపోయాక పంపించమను."